అద్దాల పెట్టెలో కొండలయ్య పంబ

కొండలయ్య ఇప్పుడు ఉదయగిరిలో లేడు. మద్రాసు దాటాక సముద్రం ఒడ్డున ఒక పెద్ద మ్యూజియం ఉంది, అక్కడ ఉన్నాడు. పగలు నేల తుడుస్తాడు. సాయంత్రం తలుపులు మూసే ముందు ఒక అద్దాల పెట్టె ఎదుట నిలబడి పాట పాడతాడు. ఒక్క సాయంత్రం కూడా మానడు. మనవరాలు పుట్టి నడక నేర్చినా ఆ బిడ్డను ఆయన ఇంతవరకూ ఎత్తుకోలేదు. మా వీధిలో కొందరు ఆయనకు మతి చలించిందంటారు, కొందరు పట్నం రుచి మరిగాడంటారు. ఆయన ఇంటికీ మా ఇంటికీ మధ్య ఒక్కటే గోడ. గోడ అవతల ఏం జరుగుతోందో తెలుసుకోందే నాకు అన్నం సయించదని అందరికీ తెలుసు. అందుకని ఆయన కథ నేనే చెప్పాలి.

కొండలయ్యది పంబ వాయించే ఇల్లు. పంబ అంటే రెండు చిన్న డోళ్ళను జంటగా తాళ్ళతో బిగించి, నడుముకు తగిలించుకుని పుల్లతో వాయించేది. అంకమ్మ తల్లికి ఊరంతా కలిసి చేసే కొలుపు పంబ లేకుండా జరగదు. ఆయన తాత, నాయన ఆ పంబనే మోసుకుని కలిగిరి, జలదంకి, మర్రిపాడు పల్లెలన్నీ తిరిగారు. కొలుపులో మొదటిది పిలుపు. పంబ వాయిస్తూ అమ్మను పేరుపెట్టి రమ్మంటారు. ఆఖరిది సాగనంపు. వచ్చిన అమ్మను అదే పంబతో, పిలిచిన నోటితోనే పొలిమేర దాటిస్తారు. నడుమ కథ కుదించుకోవచ్చు, ఆట తగ్గించుకోవచ్చు. ఈ రెండూ మాత్రం జంట. పిలిచి పంపకుండా వదిలేస్తే, పిలిచినవాడి ఇంటినే ఆమె తన ఇల్లనుకుంటుంది. ఆ ఇంట్లో అందరికంటే చిన్న ప్రాణాన్ని ముందు ఒళ్ళోకి తీసుకుంటుంది.

ఈ సంగతి కొండలయ్య వాళ్ళమ్మ గోడ మీద గడ్డం ఆనించి నాకు చెప్పింది. నేను అప్పుడే కాపురానికి వచ్చాను, ఆయన ఇంకా చిన్న పిల్లవాడు. అంతకు ముందు ఏడు జలదంకి వైపు ఒక పల్లెలో కొలుపు జరుగుతుండగా గాలివాన వచ్చింది. పందిరి లేచిపోయింది, జనం పరుగెత్తారు, సాగనంపు జరగలేదు. తెల్లవారి చేద్దాంలే అని వాళ్ళాయన తడిసిన పంబను ఇంటికి తెచ్చి మేకుకు తగిలించాడు. ఇంట్లో ఉయ్యాలలో కొండలయ్య చెల్లెలు ఉంది, ఇంకా పేరు కూడా పెట్టలేదు. ఆ పిల్ల గడప వైపు చూసి నవ్విందట. తరువాత, ఎవరో లోపలికి నడిచి వస్తుంటే చూసినట్టు, చూపును మెల్లగా గడప నుంచి ఇంట్లోకి తిప్పుకుంటూ వచ్చి, పంబ ఉన్న మేకు దగ్గర ఆపిందట. పొద్దుటికి పిల్ల లేదు.

జ్వరమై ఉంటుందని నేను అన్నాను. ఆమె కూడా జ్వరమే అయి ఉంటుందని ఒప్పుకుంది. ఒప్పుకుని, మట్టిలో ఆడుకుంటున్న కొండలయ్యను చెయ్యి పట్టి దగ్గరికి లాక్కుంది. ఆ రోజు ఉయ్యాల ఊపుతూ ఆ చూపు తిరగడాన్ని చూసినవాడు వాడే.

అటువంటి ఇంట్లో పెరిగినవాడు పిరికివాడవుతాడనుకుంటారు. ఆయన పిరికివాడు కాదు, మొహమాటస్తుడు. విందుకు పిలిస్తే రెండోసారి వడ్డించమని అడగలేడు. బస్సులో తన సీట్లో ఎవరైనా కూర్చుంటే ఆత్మకూరు దాకా నిలబడే వస్తాడు. వాళ్ళావిడ దేవకమ్మ, "ఈయన కాళ్ళ మీద ఎడ్లబండి ఎక్కినా బండోడికి నొప్పి తగిలిందేమోనని అడగతాడు వదినా," అని నాతో నవ్వేది. కానీ నడుముకు పంబ తగిలిస్తే మనిషి మారిపోయేవాడు. పిలుపు మొదలుపెట్టాడంటే, కొలుపు చూడడానికి కూర్చున్న ఆడవాళ్ళం వెనక్కి తిరిగి చూసుకునేవాళ్ళం. మా వెనక ఎవరో వచ్చి నిలబడినట్టుండేది. సాగనంపు అయ్యాక గానీ మెడ తేలిక పడేది కాదు.

కాలం మారి, ఊళ్ళల్లోకి డీజే పెట్టెలు వచ్చాయి. కొడుకు కేశవ లారీ ఎక్కాడు. మర్రిపాడు మీదుగా బద్వేలుకు తిరుగుతాడు, పుల్ల చేత్తో పట్టలేదు. పంబ మేకుకే ఉండిపోయింది. ఒకసారి ఎలుక తాడు కొరికితే కొండలయ్య ఆ పూట అన్నం తినలేదు.

ఆ సమయంలో వచ్చింది రేణుకాదేవి అనే ఆవిడ. ప్రపంచంలోని వాద్యాలన్నీ ఒకచోట పెట్టే మ్యూజియంలో పనిచేస్తుంది. ఊరూరా తిరిగి వాయించేవాళ్ళు లేని వాద్యాలు సేకరిస్తోంది. వ్యాను మా వీధిలో ఆగగానే నేను వెళ్ళి కూర్చున్నాను. మంచి మనిషి. కొండలయ్య ముందు కింద కూర్చుని, పంబను ముట్టుకోవచ్చా అని అడిగి ముట్టుకుంది. ఇక్కడ ఉంటే ఎలుకల పాలవుతుంది, అక్కడ దేశదేశాల డోళ్ళ పక్కన మీ పేరుతో ఉంటుంది అన్నది. కొండలయ్య రెండు రోజులు ఆలోచించి ఇస్తానన్నాడు. డబ్బు మాట ఎత్తనివ్వలేదు. ఆడబిడ్డను అత్తారింటికి పంపుతున్నట్టు కళ్ళు తుడుచుకున్నాడు.

తీసుకుపోయే ముందు పాట రికార్డు చేసుకుంటామన్నారు. ఏది పాడమంటారు అంటే, మొట్టమొదటిదే పాడమంది ఆవిడ. అంటే పిలుపు. ఉత్త రికార్డుకే గదా, ముంత లేదు, ముగ్గు లేదు, కొలుపు కాదు, ఏం కాదులే అనుకున్నాడు కొండలయ్య. దేవకమ్మకు ఆ లెక్క తెలియదు. ఇన్ని తరాలు ఇంట్లో ఉన్న పంబ గడప దాటుతోందని ఆమెకు దుఃఖం వచ్చింది. దీపం వెలిగించి, పంబకు పసుపునీళ్ళు చల్లి, కుంకుమ పెట్టి, వేపమండ కట్టింది. ఆమె పెట్టింది సాగనంపుకు పెట్టే మర్యాద. పాడుతున్నది పిలుపు. పసుపు పడ్డ పంబ మీద పలికిన పిలుపు ఉత్త పాట కాదు.

పిలుపు అయింది. వేడి మధ్యాహ్నం, గాలి లేదు. పంబకు కట్టిన వేపమండ ఒక్కటే కదులుతోంది. చాలా బాగుందయ్యా, చాలు అన్నది రేణుకాదేవి. రికార్డు చేసే కుర్రవాళ్ళు తీగలు చుట్టేశారు. భోజనాలు చేసి సాగనంపు పాడదామని కొండలయ్య చేతులు కడుక్కోవడానికి దొడ్లోకి వెళ్ళాడు. వచ్చేసరికి పంబను తెల్ల గుడ్డలో చుట్టి, చెక్కపెట్టెలో పెట్టి మేకులు కొడుతున్నారు. ఆయన నోరు తెరిచాడు. నేను చూశాను. అతిథులు, దూరం నుంచి వచ్చారు, కొట్టిన మేకులు పీకమని ఎలా అంటాడు? నోరు మూసుకుని వాళ్ళకు మజ్జిగ ఇచ్చాడు.

అప్పటికి కోడలు గోపికకు ఐదో నెల.

మొదట మేకపిల్లల దగ్గర తెలిసింది. వాన పడితే అవి ఇంట్లోకి దూరి పంబ మేకు కిందే ముడుచుకునేవి. వ్యాను పోయిన తరువాత వాన వచ్చినా గడప బయటే తడుస్తూ నిలబడ్డాయి. దేవకమ్మ చెవి పట్టి లాగినా కాళ్ళు నేలకు తన్నిపట్టాయి. పంబ ఉన్నచోట గోడ మీద రెండు గుండ్రటి మరకలు మిగిలాయి. సున్నం కొడితే ఆరాక మళ్ళీ కనిపించాయి. గోపిక కలిగిరి పిల్ల, పదో తరగతి చదివింది, ఇవన్నీ లెక్కపెట్టే రకం కాదు. ఆమే ఒకరోజు నన్ను అడిగింది, మధ్యాహ్నంపూట మీ ఇంట్లో ఎవరైనా డోలు చర్మం మీద వేళ్ళతో రాస్తున్నారా పెద్దమ్మా అని. తట్టినట్టు కాదట, నిమిరినట్టట. మా ఇంట్లో డోలు లేదు.

ఎనిమిదో నెలలో గోపిక కాళ్ళు వాచాయి. ఆత్మకూరు ఆసుపత్రిలో బీపీ ఎక్కువ ఉందన్నారు, మాత్రలు రాశారు. అందరికీ ఉండేదే అన్నాను నేను. కొండలయ్య మాత్రం గడ్డం గీయడం మానేశాడు. పొద్దున్నే పొలిమేర దాకా నడిచి వెళ్ళి వస్తున్నాడు. ఎవరిదో పంబ అరువు తెచ్చి అక్కడ సాగనంపు పాడాడని పశువుల వాళ్ళు చెప్పారు. ఇక నేను ఊరుకోలేదు. గోడ దగ్గర పట్టుకున్నాను.

"ఏంది కొండలయ్యా, కొలుపు లేని ఊళ్ళో సాగనంపేంది?"

"పిలిచినాను గదక్కా. పంపలేదు."

"రికార్డుకు పాడితే వస్తాదా ఏంది ఆయమ్మ?"

"వచ్చింది." గోడ మీద మట్టి గోటితో గీకుతూ అన్నాడు. "యాడికీ పోలేదు. బిడ్డ కోసరం కాచుకోని ఉండాది. ఆ పంబ కావాల. ఒక్కసారి వాయించి వచ్చేస్తాను."

ఒక్కడే వెళ్ళి ఆ పెద్ద భవనంలో ఎవరినీ ఏమీ అడగలేడని నాకు తెలుసు. కేశవ లోడు మీద ఉన్నాడు. దేవకమ్మ కోడలిని వదిలి రాలేదు. నేను చీర మార్చుకుని బయలుదేరాను. ఆ మ్యూజియం ఎలా ఉంటుందో చూడాలని నాకు మొదటి నుంచీ ఉంది, అదీ నిజమే. ఆత్మకూరులో బస్సు మారి, నెల్లూరులో రైలు ఎక్కి, మర్నాడు మధ్యాహ్నానికి చేరాం.

లోపల ఏసీ చలి. నేల అద్దంలా ఉంది. గది తరువాత గది, అన్నింటిలోనూ అద్దాల పెట్టెలు, వాటిలో వాద్యాలు. గుర్రం తల చెక్కిన ఫిడేలు, ఎవరో రాజుగారి తోటలో మోగిన కంచు పళ్ళాలు, చర్మం మీద ఇంకా వెంట్రుకలున్న ఆఫ్రికా డోలు. ఒక బూర తెల్లగా ముచ్చటగా ఉంటే దగ్గరికి వెళ్ళి చీటీ చదివాను. మనిషి తొడ ఎముకతో చేసిందట, మంచు కొండల వైపు పూజల్లో ఊదుతారట. దేన్ని పిలవడానికి ఊదుతారో చీటీలో లేదు. ఇన్ని దేశాల గొంతులు ఒక్కచోట ఉన్నా మా చెప్పుల చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. ఒక్కొక్క దాని ముందూ ఒక ఎర్ర మీట ఉంది.

పంబ మూడో గదిలో ఉంది. మూల పెట్టె, పైన చిన్న దీపం. కుంకుమ బొట్టు తుడవకుండా అలాగే ఉంచారు. కొండలయ్య అద్దానికి అరచేయి ఆనించి నిలబడ్డాడు. నా చేయి ఊరుకుంటుందా? ఎర్ర మీట నొక్కాను.

పైనుంచి ఆయన గొంతే వచ్చింది. మా వీధిలో పాడిన పిలుపు. రా తల్లీ అని, గడప కడిగి ఉంచాను రా అని. దాని వెనక మా ఊరి కాకి అరుపు, దేవకమ్మ గాజుల చప్పుడు కూడా వినిపించాయి. పిలుపు అయిపోయి టక్కున ఆగిపోయింది. కొండలయ్య ముఖం బూడిదలా అయింది. నేను ఏదో అనబోతుంటే బడి పిల్లలు గుంపుగా వచ్చారు. ఒకడు మీట నొక్కాడు. కాసేపు విని పక్క పెట్టెకు పోయాడు. ఇంకొకడు నొక్కాడు. ఆ పిల్ల, ఈ పిల్ల, వాళ్ళ టీచరు. పిలుపు సగంలో ఉండగానే మళ్ళీ మొదటికొచ్చింది.

"ఒకసారి గాదక్కా," అన్నాడు కొండలయ్య. "దినామూ పిలస్తానే ఉండారు. నా గొంతుతోనే."

రేణుకాదేవి మమ్మల్ని చూసి సంతోషపడింది, కాఫీ తెప్పించింది. సంగతంతా నేనే చెప్పాను. ఆవిడ నవ్వలేదు. చెల్లెలి సంగతి చెప్పినప్పుడు కప్పు కింద పెట్టేసింది. పంబను ఇవ్వడం తన చేతిలో లేదన్నది. పైగా చర్మం చెడకుండా తాళ్ళు వదులు చేసి మందు పట్టించారట. ఇప్పుడు బిగించి కొడితే చిరిగిపోతుంది.

"మరి ఇవేవీ మోగవా అమ్మా?" అని అడిగాను.

"మోగితే పాడైపోతాయమ్మా," అన్నది.

తను చేయగలిగింది చేస్తానన్నది. సాగనంపు కూడా రికార్డు చేయించింది. కొన్నాళ్ళకు పెట్టె ముందు రెండో మీట, పచ్చది, పెట్టించింది కూడా. ఎర్ర మీట తీసేయడానికి పైవాళ్ళు ఒప్పుకోలేదని బాధపడింది. ఆ సాయంత్రం మాత్రం తలుపులు మూసే ముందు ఆయన్ను పెట్టె ఎదుట పాడనిచ్చింది. పంబ లోపల, మనిషి బయట. అద్దం మీద వేళ్ళతో దరువు వేస్తూ కొండలయ్య సాగనంపు పాడాడు. పోయి రా తల్లీ, పొలిమేర దాకా నేనొస్తాను, వెనక్కి తిరగను అని. పాడుతూ వెనక్కి నడుచుకుంటూ వాకిలి దాకా వచ్చాడు. పంబకు కట్టిన ఎండు వేపమండ, గాలి చొరని పెట్టెలో, కదిలింది. ఏసీ వల్లనేమోనని నేను ఇంకా అనుకుంటున్నాను.

బయటికి రాగానే దేవకమ్మ ఫోను చేసింది. పొద్దున్నుంచీ తలనొప్పితో కళ్ళు తెరవని గోపిక ఇప్పుడే లేచి అన్నం అడిగిందని చెప్పింది. సరే, అయిపోయిందనుకున్నాను. బస్సు ఎక్కుదాం పద అన్నాను. కొండలయ్య కదల్లేదు.

"రేప్పొద్దున తలుపులు తీస్తారు గదా?"

"తీస్తారు. అయితే?"

"నొక్కతారు గదా."

నేను ఒక్కదాన్నే తిరిగి వచ్చాను. రేణుకాదేవి ఎవరినో బతిమాలి ఆయనకు నేల తుడిచే పని ఇప్పించింది. పచ్చ మీట వచ్చాక ఇంటికి రావచ్చు గదా అని ఫోనులో అడిగాను. జనం ఎర్రది నొక్కి, కాసేపు విని, పోతారట. పచ్చది ఎవరూ ముట్టరట. పండగ సెలవుకు రమ్మంటే, సెలవులప్పుడే జనం ఎక్కువ వస్తారక్కా అన్నాడు. ఒకసారి ఆయనకు విషజ్వరం వచ్చి లేవలేకపోయాడు. ఆ సాయంత్రం ఇక్కడ గోపికకు ఫిట్సు వచ్చాయి. ఆత్మకూరు నుంచి నెల్లూరుకు అంబులెన్సులో తీసుకుపోతుంటే, దేవకమ్మ ఫోను చేసి మొగుణ్ణి మంచం మీంచి లేపింది. ఎవరి భుజమో పట్టుకుని ఆయన పెట్టె దగ్గరికి వెళ్ళి పాడాడట. ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా బతికారు. డాక్టర్లు చాలా శ్రమపడ్డారు, వాళ్ళకు దండం పెట్టాలి. దేవకమ్మ మాత్రం వాళ్ళకు దండం పెట్టి, మద్రాసు వైపు తిరిగి ఇంకొక దండం పెట్టింది.

పిల్లకు ఇప్పుడు నడక వచ్చింది. బొద్దుగా ఉంటుంది, నన్ను చూస్తే ఎత్తుకోమంటుంది. మేకపిల్లలు మళ్ళీ ఇంట్లోకి వస్తున్నాయి. గోడ మీది మరకలు సున్నం కింద ఉండిపోయాయి. ఆయన అక్కడ ఉన్నంత కాలం ఇక్కడ బాగానే ఉంటుందని మాకు అలవాటైపోయింది.

మొన్న కేశవ లోడు దించి ఇంటికి వచ్చాడు. ఎండ వేళ, నేను వాళ్ళ అరుగు మీదే కూర్చుని ఉన్నాను. నాయన పాటను మ్యూజియం వాళ్ళు ఫోనుల్లోకి పెట్టారు పెద్దమ్మా, లోకమంతా వింటా ఉండారు అంటూ పొంగిపోతూ ఫోను తీసి పెట్టాడు. ఆపరా అనే లోపలే పిలుపు మొదలైంది. కాకి అరుపు, దేవకమ్మ గాజులు, గడప కడిగి ఉంచాను రా తల్లీ.

పిల్ల ఆడుకుంటున్న చెంబు వదిలేసింది. గడప వైపు చూసి నవ్వింది. వాకిట్లో ఎవరూ లేరు. మేకపిల్లలు లేచి బయటికి పరుగెత్తాయి. పిల్ల చూపు గడప దాటి మెల్లగా లోపలికి వచ్చింది. అంత నిదానంగా, బరువుగా నడిచే మనిషి వెంట వచ్చినట్టు.

నేను కేశవ చేతిలోంచి ఫోను లాక్కుని కొండలయ్యకు కలిపాను. ఆయన నేను చెప్పింది మొత్తం వినలేదు.

"పాప యాడ చూస్తా ఉండాది?"

"మేకు కాడికి ఇంకా రాలేదు," అన్నాను.

"నన్ను పెద్దగా పెట్టి, గడప మీద పెట్టక్కా."

స్పీకరు పెట్టి గడప మీద ఉంచాను. కొండలయ్య సాగనంపు మొదలుపెట్టాడు. చేతిలో పంబ లేదు, ఎదురుగా పెట్టె ఉందో లేదో కూడా తెలియదు. బకెట్టు మీద అనుకుంటాను, వేళ్ళతో దరువు వేస్తున్నాడు. దేవకమ్మ పసుపునీళ్ళు తెచ్చి ఫోను చుట్టూ చల్లింది. పిల్ల చూపు మేకు దగ్గరికి వచ్చి ఆగింది. ఆయన గొంతు పగిలేలా పాడుతున్నాడు. చాలాసేపటికి ఆ చూపు కదిలింది. వచ్చిన దారినే, అంతే నిదానంగా, గడప దాకా పోయి, దాటి, వీధిలోకి పోయింది. అప్పుడు పిల్ల ఏడ్చింది. గోపిక ఎత్తుకుని గుండెకు అదుముకుంది.

"పోయింది కొండలయ్యా," అన్నాను.

ఆయన ఆయాసం వింటున్నాను. ఆ ఆయాసంలోనే అడిగాడు. "ఆ పాట వాడు ఇంకెవురికన్నా పంపినాడా?"

కేశవ తల వంచుకున్నాడు. లారీల వాళ్ళ గ్రూపులన్నింటికీ పంపాడట. వాళ్ళు ఇంకెవరికి పంపారో వాడికి తెలియదు. నేను ఆ మాట చెప్పాను. అటువైపు బకెట్టు మీద వేళ్ళ దరువు మళ్ళీ మొదలైంది, మెల్లగా.

కేశవ తన ఫోనులోంచి పాట తీసేశాడు. దేవకమ్మ తలుపు వేయబోతోంది. వీధి చివర టీ అంగడి వైపు నుంచి, ఎవరి ఫోనులోంచో, మా ఊరి కాకి అరుపు వినిపించింది. ఆ వెనకే గాజుల చప్పుడు.